సౌండ్‌బార్ మాన్యువల్: డబ్బాలో కాగితం, యూట్యూబ్ వీడియో, పీడీఎఫ్... ఏది మేలు?

మా నాన్నగారి పాత స్టీరియో ఆంప్లిఫయర్‌తో వచ్చిన పుస్తకం ఇంకా బీరువాలో ఉంది. ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ వైర్లు తారుమారైతే బాస్ ఎందుకు పలచబడుతుందో, 8 ఓమ్‌ల (ఓమ్ అంటే కరెంటుకు అడ్డును కొలిచే లెక్క) స్పీకర్ల చోట 4 ఓమ్‌లవి పెడితే ఆంప్లిఫయర్ ఎందుకు వేడెక్కుతుందో అందులో ఉంది. చివర్లో సర్క్యూట్ బొమ్మ కూడా ఉంది. రిపేరుకు ఇస్తే మెకానిక్ ముందు ఆ పుస్తకమే అడిగేవాడు.

పోయినేడాది కొన్న సౌండ్‌బార్‌తో (టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకర్) ఒక మడత కాగితం వచ్చింది. సగం హెచ్చరికలు, మిగతా సగం నాలుగు బొమ్మలు, ఒక క్యూఆర్ కోడ్. మా టీవీకి హెచ్‌డీఎంఐ పోర్టులు మూడు. ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని సౌండ్‌బార్‌కు పంపే దారి) అని రాసి ఉన్నదాంట్లోనే కేబుల్ పెట్టాలని ఆ బొమ్మల్లో ఎక్కడా లేదు. సాయంత్రమంతా శబ్దం రాక టెన్షన్ పడ్డాం. ఆ ఒక్క వాక్యం అచ్చు వేయడానికి ఎంత ఖర్చవుతుంది?

కంపెనీల వైపూ కొంత న్యాయం ఉంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చాక మెనూలు మారిపోతాయి, అచ్చు పుస్తకం పాతబడుతుంది. కానీ వెనకున్న పోర్టులు అప్‌డేట్‌తో మారవు కదా.

గోడకు బిగించడం లాంటి చేతిపనికి యూట్యూబ్‌ను మించింది లేదు. చిక్కల్లా వివరాల దగ్గరే. వీడియోలో ఉన్న మోడల్ మనది కాకపోవచ్చు. మనకు కావలసిన ముక్క ఎక్కడుందో వెతుక్కోవాలి.

నా ఓటు కంపెనీ సైట్‌లోని పూర్తి మాన్యువల్ పీడీఎఫ్‌కే. ఏ పోర్టు ఏ సౌండ్ ఫార్మాట్ తీసుకుంటుందో చెప్పే పట్టిక మంచి మాన్యువల్‌లో ఉంటుంది. ఉదాహరణకు, ఆప్టికల్ కేబుల్‌లో (శబ్దాన్ని వెలుతురు రూపంలో పంపేది) మామూలు డాల్బీ డిజిటల్ వెళ్తుంది, డాల్బీ డిజిటల్ ప్లస్ వెళ్లదు. ఓటీటీల్లో అట్మాస్ (పైనుంచి కూడా శబ్దం వస్తున్నట్టు వినిపించే డాల్బీ పద్ధతి) సాధారణంగా ఆ ప్లస్‌లోనే వస్తుంది. కాబట్టి ఆప్టికల్‌తో కలిపినవాళ్లు అట్మాస్ సౌండ్‌బార్‌కు డబ్బు పెట్టి కూడా ఆ అట్మాస్ వినరు. హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ ఉంటే, టీవీ కూడా దాన్ని పంపగలిగితే, వస్తుంది. ఇంత ముఖ్యమైన సంగతి డబ్బాలోని కాగితం మీద లేదు.

కొన్న రోజే వెనక స్టిక్కర్ మీది మోడల్ నంబరు అక్షరం తప్పకుండా కొట్టి, పీడీఎఫ్ దించి పెట్టుకోండి. మోడల్ ఆగిపోయాక ఆ పేజీ సైట్‌లో ఉంటుందన్న భరోసా లేదు. పోర్టుల పేజీ, రిమోట్ పేజీ పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించి టీవీ స్టాండు సొరుగులో పెట్టాను. మా అమ్మ ఇప్పుడు నాకు ఫోన్ చేయకుండానే ఇన్‌పుట్ మార్చుకుంటోంది.