గుడ్ల టానిక్కు, టైమరు, పిల్ల దాణా: మా ఆరు పెట్టల సాక్షిగా

ముందు టానిక్కు సంగతి తేల్చేస్తాను, దాని మీదే నాకు కోపం ఎక్కువ. అర లీటరు సీసా 280 రూపాయలు. సీసా మీద బుట్టెడు గుడ్లు, పక్కన ఎర్రటి తురాయితో నిగనిగలాడే పెట్ట. "రోజూ నీళ్లలో కలపండి సార్, వారంలో గుడ్లు మొదలవుతాయి" అన్నాడు హనుమకొండలో నేను దాణా కొనే దుకాణంలోని కుర్రాడు. రెండు సీసాలు తెచ్చాను. మూడు వారాలు పోశాను. ఒక్క గుడ్డు రాలేదు.

అతనొక్కడినే అని లాభం లేదు. అంతకుముందు జూన్‌లోనూ ఇదే టానిక్కు వాడాను, అప్పుడు గుడ్లు వచ్చాయి. నేనే నలుగురికీ చెప్పి మెచ్చుకున్నాను కూడా. తరువాత తెలిసింది, గుడ్లు తెచ్చింది టానిక్కు కాదు, వాన.

మా పెరట్లో ఉన్నవి గ్రామప్రియ పెట్టలు, రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వృద్ధి చేసిన రకం. 2023 జులైలో పుట్టినవి. సంక్రాంతి దాటగానే గుడ్లకు వచ్చాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో రోజుకు ఐదు గోధుమ రంగు గుడ్లు తప్పేవి కావు. మే నెల ఎండకు మేత తగ్గించి, నోళ్లు తెరుచుకుని వగరుస్తూ కూర్చునేవి. రోజుకు రెండు గుడ్లు, అవీ వేలితో నొక్కితే పగిలేంత పల్చటి పెంకుతో. అలా వగర్చినప్పుడు ఒంట్లోని బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోయి, పెంకు కట్టడానికి కావలసిన సరుకు తగ్గుతుంది. తొలకరి పడింది, ఒళ్లు చల్లబడింది, గుడ్లు వచ్చాయి. మధ్యలో టానిక్కుకు పేరొచ్చింది.

అక్టోబరు చివర మళ్లీ తగ్గి, ఆగిపోయాయి. పైన చెప్పిన రెండు సీసాలు తెచ్చింది అప్పుడే. ఈసారి ఎండ లేదు. గూడు తలుపు తీస్తే దిండు చింపినట్టు ఈకలు. ముందు మెడ బోసిపోయింది, తరువాత వీపు, ఆ తరువాత తోక. మా మనవరాలు బెల్లం అని పేరు పెట్టిన పెట్ట పది రోజుల్లో సగం పీకిన కోడిలా తయారైంది. తురాయి వాడిపోయి, కుంకుమ రంగు పోయి లేత గులాబీకి దిగింది. "కొక్కెర తెగులేమో చూడండి" అని మా ఆవిడ భయపడింది. గంపలో పెట్టుకుని పశువైద్యశాలకు తీసుకెళ్లాను.

అక్కడి డాక్టరమ్మ బెల్లాన్ని చంకలో ఇరికించుకుని రెక్క విప్పి చూపించారు. చివరి పెద్ద ఈకలు పది ఉండాలి. వాటికీ లోపలి ఈకలకూ నడుమ పొట్టిది ఒకటి ఉంటుంది, లెక్క అక్కడి నుంచి బయటికి. బెల్లానికి వరుసగా నాలుగు లేవు. వాటి చోట మొలుస్తున్న కొత్త ఈకల నీలిరంగు ములుకులు, ఒక్కొక్కటి బియ్యపు గింజ కన్నా కాస్త పొడవు. లోపల రక్తం ఆడుతూ ఉంటుంది, ఒత్తితే కోడికి నొప్పి. ఒక్కొక్క ఈకే రాల్చుకుంటూ నెలల తరబడి సాగదీసేది గుడ్లలోనూ బద్ధకస్తురాలేనట. నాలుగూ ఒకేసారి రాల్చేది తొందరగా తేరుకుంటుంది. "జబ్బు కాదండీ. పాత ఈకలు రాల్చి కొత్తవి కట్టుకుంటోంది. ఏడాదిన్నర వయసులో, పగలు కురచనయ్యే కాలంలో మామూలే. రెండు మూడు నెలలు గుడ్డు అడగకండి" అన్నారు. టానిక్కు చూపిస్తే చదివి నవ్వారు. అందులో ఉన్నది ముఖ్యంగా కాల్షియం. గుడ్లకోళ్ల దాణాలోనే అది మూడున్నర శాతం దాకా ఉంటుంది. పెంకే కట్టని కోడికి ఇంకా కాల్షియం పోయడమంటే ఇల్లు కట్టని వాడి వాకిట్లో సున్నం దింపడమే.

ఇక టైమరు. నేను విద్యుత్తు శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను కాబట్టి ఇక్కడ నా మాట కాస్త వినాలి. ఆన్‌లైన్‌లో కొన్నది, 450 రూపాయలు, గుండ్రటి డయలు చుట్టూ పావుగంటకొక పిన్ను. దానికి తొమ్మిది వాట్ల బల్బు తగిలించాను. కోడి బాగా గుడ్లు పెట్టాలంటే రోజుకు పద్నాలుగు గంటలైనా వెలుతురు ఉండాలి. డిసెంబరులో మనకు పగలు పదకొండు గంటలే. తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరున్నర దాకా వెలిగేలా పెట్టాను. నెలకు ఒక యూనిట్ కూడా కాలదు. సాయంత్రం పూట మాత్రం పెట్టకండి. బల్బు టక్కున ఆరితే కింద తిరుగుతున్న కోడికి చీకట్లో కర్ర మీదికెక్కడం చేతకాదు, మూలల్లో ముడుచుకుంటుంది. పొద్దున్నైతే ఆ బాధ లేదు.

దీని లోపం ఒక్కటే, పెద్దదే. లోపల బ్యాటరీ లేదు. కరెంటు పోతే డయలూ ఆగుతుంది. ఒకరోజు మూడు గంటల కోత పడితే మర్నాడు బల్బు ఏడింటికి వెలిగింది, సూర్యుడికి దారి చూపడానికన్నట్టు. వారానికోసారి డయలు తిప్పి సరిచేసే ఓపిక లేనివారు బ్యాటరీ ఉన్నది కొనుక్కోండి. ఇంకో మాట, ఈకలు సగం రాలి ఉన్నప్పుడు నేను దీన్ని మొదలుపెట్టడం తొందరపాటు. డాక్టరమ్మ చెప్పాక తీసేసి, కొత్త ఈకలు నిండాక జనవరి మొదట్లో మళ్లీ పెట్టాను.

ఆ దుకాణంలో నేను కొన్నవాటిలో పనికొచ్చింది ఎవరూ అమ్మజూపనిది: కోడిపిల్లలకు పెట్టే దాణా. గుడ్ల దాణాలో మాంసకృత్తులు పదహారు శాతమైతే ఇందులో ఇరవై. ఈక బరువులో దాదాపు 85 శాతం మాంసకృత్తే. పెట్ట అప్పుడు కట్టుకుంటున్నది పెంకును కాదు, ఈకను. పది కిలోలు తెచ్చి, ఆల్చిప్పల గుల్ల విడిగా గిన్నెలో పెట్టాను, కావలసింది వచ్చి పొడుచుకుంటుంది. వారానికి రెండుసార్లు ఎండు మెత్తళ్లు పెట్టేవాళ్లం, రాత్రంతా నానబెట్టి ఉప్పు పోయేలా కడిగి. ఉప్పు ఎక్కువైతే కోళ్లకు ప్రమాదం. ఆ కంపు భరించలేక మా ఆవిడ వంటింటి కిటికీ మూసేసేది.

జనవరి 19న బెల్లం గుడ్డు పెట్టింది. వంటింటి త్రాసులో 61 గ్రాములు తూగింది. నిరుడు దానివి 54 దాటేవి కావు. పెంకు గట్టిగా, ముదురు రంగులో ఉంది. నెలాఖరుకు రోజుకు నాలుగు వస్తున్నాయి. రెండో ఏడు గుడ్డు పెద్దదవుతుంది, లెక్క తగ్గుతుంది, కాబట్టి ఐదో దాని కోసం నేను దుకాణానికి పరుగెత్తలేదు.

టైమరుకు అయిదింట మూడు చుక్కలు, పిల్ల దాణాకు అయిదు, టానిక్కుకు సున్నా. విప్పని రెండో సీసా తిరిగి ఇవ్వబోతే "వెనక్కి తీసుకోం సార్" అన్నారు. దుకాణానికి మాత్రం ఇప్పటికీ వెళ్తున్నాను. దాణా తాజాగా ఉంటుంది, తూకం సరిగ్గా ఉంటుంది, బస్తా ఆ కుర్రాడే మోసుకొచ్చి నా బండి మీద పెడతాడు.