మోరిస్ కాలువ గట్టున డబ్బాల వేట

ఎడిసన్‌లో పన్నెండేళ్లుగా ఉంటున్నా, న్యూజెర్సీలో కొండలెక్కి దిగిన కాలువ ఒకటి ఉండేదని నాకు తెలీదు. మా అబ్బాయి జియోకాషింగ్ పిచ్చి పుణ్యమా అని తెలిసింది. ఎవరో దాచిన డబ్బాను జీపీఎస్ చూసుకుంటూ వెతకాలి, లోపలి కాగితం మీద పేరు రాసి ఉన్నచోటే పెట్టెయ్యాలి. అంతే ఆట.

మోరిస్ కాలువ ఫిలిప్స్‌బర్గ్ నుంచి జెర్సీ సిటీ దాకా 102 మైళ్లు. పెన్సిల్వేనియా బొగ్గు కోసం తవ్వారు, 1831కి నూవర్క్ చేరింది. రైళ్లొచ్చాక బేరం పడిపోయి 1924లో మూసేశారు. నూవర్క్‌లో మనం ఎక్కే లైట్ రైలు కొంతదూరం నడిచేది ఆ కాలువ దారిలోనే!

నీటిమట్టం మార్చి పడవల్ని ఎక్కించి దించే కోనసీమ లాకులు చూసి పెరిగినవాణ్ణి. ఇక్కడ ఎత్తు మరీ ఎక్కువ, లాకులొక్కటే సరిపోలేదు. అందుకని 23 చోట్ల పడవను చక్రాల బండి మీదకెక్కించి, పట్టాల మీద కొండపైకి లాగేవారు. తాడు లాగేది నీటితో తిరిగే యంత్రమే. పైకెక్కి అటు వంగేటప్పుడు విరగకుండా పడవను రెండు ముక్కలుగా చేసి నడుమ కీలు పెట్టారు. ఇది తెలిశాక నాకు డబ్బాల మీద ధ్యాస సగం పోయింది.

శనివారం వాటర్లూ విలేజ్. పాత ఇళ్లు, పక్కన మస్కనెట్‌కాంగ్ నది, పిల్లలు పరిగెత్తడానికి బోలెడు చోటు. తినడానికి మాకేమీ దొరకలేదు, పులిహోర కట్టుకెళ్లాం కాబట్టి బతికిపోయాం. డబ్బా నదికి అవతల ఉందని ఫోన్ అంటుంది, మేమేమో ఇవతల. చుట్టూ తిరిగి వెళ్లేసరికి గంట. పట్టాలు బిగించిన రాళ్లు మాత్రం అక్కడ ఇంకా ఉన్నాయి. డబ్బా దొరకలేదు. చెట్ల కింద జీపీఎస్ ఇరవై ముప్పై అడుగులు అటూ ఇటూ గెంతుతూనే ఉంది.

రాత్రి హైవే పక్కన ఒక మోటెల్. గదిలో సిగరెట్ కంపు. రెండుసార్లు అడిగితే గాని గది మార్చలేదు. ఎడిసన్ నుంచి గంట ప్రయాణమే, ఇంటికెళ్లి పొద్దున్నే మళ్లీ రావడమే నయం.

ఆదివారం రూట్ 57 పక్కన బ్రెడ్ లాక్ పార్క్. లాకు దగ్గర పడవవాళ్లకి రొట్టెలు అమ్మేవారట, అందుకే ఆ పేరు. నడక తేలిక, పెద్దవాళ్లను కూడా తీసుకెళ్లొచ్చు. దగ్గర్లోనే స్టువర్ట్స్‌విల్‌లో ప్లేన్ 9 వెస్ట్ ఉంది, పడవను ఏకంగా 100 అడుగులు ఎక్కించిన వాలు. తాడు లాగిన ఆ నీటి యంత్రం, అదే భూమిలోపలి టర్బైన్, చూద్దామని ఎగిరి గంతేసి వెళ్తే గేటుకి తాళం! ఎప్పుడు తీస్తారో చూసుకుని వెళ్లండి, నాలా వెళ్లకండి. ఒక్కరోజే కుదిరితే మాత్రం వాటర్లూకే నా ఓటు.

చివరికి ఒక మొద్దు తొర్రలో మాత్రల సీసా అంత డబ్బా దొరికింది. మావాడు పేరు తెలుగులో రాశాడు, ఒక కొమ్ము మర్చిపోయి. ఇంటికొచ్చాక నా సాక్సులో పిడుదు కనిపించింది. ప్యాంటు సాక్సుల్లోకి దోపుకునే వెళ్లండి.