పాలమూరులో పది రోజులు, ఫినాయిల్ పంచాయితీ

ఇంటివాళ్ళు ఊరెళ్తే వాళ్ళ కుక్కనో పిల్లినో చూసుకుంటూ ఆ ఇంట్లోనే ఉండటం నాకిది మూడోసారి. ఈసారి పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, పది రోజులు, ఒక కుక్క, ఒక పిల్లి. హైదరాబాద్ నుంచి సుమారు వంద కిలోమీటర్లు, కాచిగూడలో రైలెక్కితే టెన్షన్ లేదు.

ఇంట్లో అడుగు పెట్టగానే సోఫా నిండా కుక్క బొచ్చు, ఫ్రిజ్‌లో ఎప్పటిదో పచ్చిపులుసు, బకెట్లకు బోరు నీళ్ళ తెల్లపొర. ఆ ఇంటి ఆంటీ పోతూ పోతూ నా చేతిలో పెట్టిన చీటీ చూస్తే వేరే ఇంటి గురించి రాసినట్టుంది: పొద్దున్నే వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లి ముగ్గు, రోజుకు రెండుసార్లు ఫినాయిల్‌తో బండలు, కుక్క వంటింటి గడప దాటొద్దు, దేవుడి గది వైపు అసలే పోవద్దు. గడప, దేవుడి గది సరే, వాళ్ళ ఇల్లు వాళ్ళ పద్ధతి. ముగ్గు కూడా వేశాను, వంకరటింకరగా. బండల దగ్గరే చిరాకొచ్చింది, పనామె ఆ పది రోజులూ రాదని నాకు ముందు ఎవరూ చెప్పలేదు మరి.

అయినా అసలు గొడవ నా నడుం గురించి కాదు, పిల్లి గురించి. పిల్లి తడి బండల మీద నడుస్తుంది, తర్వాత కూర్చుని పాదాలు నాక్కుంటుంది. నల్ల ఫినాయిల్‌లో ఫినాల్ జాతి రసాయనాలుంటాయి, వాటిని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి సరిగా ఉండదు. పైన్ ఆయిల్ కలిపిన తెల్లదీ దానికి పడదు. మొదటి రోజే బాటిల్ తీసి అటక మీద పెట్టేశాను. వేడినీళ్ళలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి ఒకసారి, మళ్ళీ మంచినీళ్ళతో ఒకసారి తుడిచి ఫ్యాన్ వేసి ఆరబెట్టాను. సాయంత్రం ఆంటీకి ఫోన్ చేసి చెప్తే, "వాసన రాకుంటే ఇల్లు తుడిచినట్టే అనిపియ్యదు బిడ్డా" అంది. పిల్లి పాదాలు నాక్కుంటున్న వీడియో పంపాను. రాత్రిదాకా జవాబు లేదు, తర్వాత "సరే తీ" అని ఒక్క మాట.

సోఫా బొచ్చు చీపురుకు రాదు. రబ్బరు గ్లౌజు తడిపి ఒకే వైపుకు రుద్దితే ఉండలు కడుతుంది, ఆ ఉండలతో ఇంకో కుక్కపిల్ల చేయొచ్చు అన్నంత వచ్చింది.

పోయినసారి నల్గొండలో ఒక ల్యాబ్రడార్ ఇంట్లో ఇలాంటిదేమీ లేదు. ఆ అక్క ముందే ఫోన్లో తన గదులన్నీ చూపించి, "కుక్క గిన్నెలు, దాని చాప శుభ్రంగుంటే చాలు, మిగతాది పనామె చూసుకుంటది" అంది. అందుకే మధ్యాహ్నాలు ఖాళీగా పానగల్ పోయి, ఛాయా సోమేశ్వరం గుడిలో లింగం వెనక కదలకుండా పడే ఆ నీడను చూస్తూ తీరిగ్గా కూర్చోగలిగాను. ఇక్కడ పిల్లలమర్రికి ఒక్కపూటే కుదిరింది. 2018లో చెదలు పట్టి సెలైన్ బాటిళ్ళతో మందు ఎక్కించిన చెట్టు అదే, ఊడలు చూస్తుంటే అసలు మొదలు ఏదో తెలియదు. కాసేపు తిరిగేలోపు కుక్కకు అన్నం టైం అయిందని పరుగు.

బస మీద నా లెక్క అడిగితే, మంచం బాగుంది, వీధి చివర జొన్నరొట్టెలు ఇంకా బాగున్నాయి, వారం దాటితే మాత్రం పనామె వచ్చే ఇల్లే ఒప్పుకుంటాను. దిగిన రోజే గది గదికీ ఫోటోలు తీసి ఇంటివాళ్ళకే పంపేయడం కూడా ఇక్కడే మొదలుపెట్టాను. ఫ్రిజ్ ఫోటోకు ఆంటీ నాలిక కరుచుకున్న బొమ్మ పెట్టింది.

తిరిగొచ్చిన రోజు ఆవిడ చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి పోయింది, సింకు కింద వేలు పెట్టి చూసింది, అటక మీది ఫినాయిల్ బాటిల్ దించి వెలుతురుకు ఎత్తి పట్టింది. "ఒక్క చుక్క గూడ తియ్యలేదు గద!" అని నవ్వి, దసరాకు మళ్ళీ వస్తావా అని అడిగింది. పనామె ఉంటే వస్తానన్నాను.