అభిలేఖ్ పటల్: ఢిల్లీ మాట వినాలంటే సరే, మన్యం మాటకు చాలదు

అల్లూరి సీతారామరాజు మీదో, హైదరాబాదు రెసిడెంట్ల (నిజాం దర్బారులో ఉండే బ్రిటిషు ప్రతినిధుల) మీదో రాయబోయేవాళ్లకు జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) వారి వెబ్‌సైటు అభిలేఖ్ పటల్ పెద్ద ఊరట. ఖాతా తెరిస్తే ఫైళ్ల పట్టిక చూడొచ్చు, స్కాన్ అయినవి అక్కడే చదవొచ్చు. ప్రతి కాగితానికీ ఢిల్లీ జనపథ్‌లోని ఆ ఆఫీసుకు వెళ్లక్కర్లేదు. చిక్కల్లా వెతకడంలోనే.

వెతుకులాట ప్రధానంగా ఫైలు శీర్షిక మీదే. ఆ శీర్షిక పెట్టింది ఆనాటి దొరల కచేరీ కాబట్టి నాయకుడి పేరు అందులో ఉంటుందన్న భరోసా లేదు. 'రంప', 'ఫితూరి' (తిరుగుబాటు), 'ఏజెన్సీ' (మన్యానికి సర్కారు పేరు) అని ఇంగ్లిషులో కొట్టి చూడండి. ఊళ్లకు విజగపటం, మసూలిపటం లాంటి పాత స్పెల్లింగులే వాడాలి. అంతకన్నా నమ్మకమైన దారి శాఖ, సంవత్సరం పట్టుకుని దిగడం. అలజడులకు హోం శాఖ పొలిటికల్ విభాగం చూడాలి. సంస్థానాల వ్యవహారాలైతే 1914కి ముందు ఫారిన్ శాఖలో, ఆ తర్వాత ఫారిన్ అండ్ పొలిటికల్ శాఖలో ఉంటాయి. ఈ పేరు మార్పు తెలియక 'ఏమీ లేవు' అని వదిలేసేవాళ్లున్నారు.

తేదీ తెలిస్తే పక్షపు నివేదికలు, అంటే రాష్ట్ర ప్రభుత్వాలు పక్షానికోసారి ఢిల్లీకి పంపినవి, అక్కరకొస్తాయి. చింతపల్లి పోలీసు స్టేషను మీద సీతారామరాజు దాడి 1922 ఆగస్టు 22న జరిగింది, కనుక మద్రాసు ప్రభుత్వం పంపిన ఆగస్టు రెండో పక్షం నివేదిక చూడాలి. ఆయన మరణం 1924 మే 7న, అది మే మొదటి పక్షం. అయితే ఇవి పైవాళ్లకు పోయే సారాంశాలు, వాటి మీదే పుస్తకం కట్టేయకూడదు.

అసలు సరుకు ఫైల్లో అధికారులు తమలో తాము రాసుకున్న నోటింగుల్లో. ఉత్తరంలో మర్యాదగా ఉన్న అధికారి నోటులో లోపలి మాట బయటపెడతాడు. అచ్చయిన ప్రొసీడింగ్స్ (ఉత్తర్వులు, ఉత్తరాల సంపుటాలు) మాత్రమే చదివి ఆగిపోయినవాళ్ల రచనల్లో వైస్రాయిలంతా ఒకే గొంతుతో మాట్లాడేది అందుకే.

బొబ్బిలి యుద్ధం (1757) లాంటి పాత వాటికి ఇక్కడ కూర్చోవడం దండగ. కంపెనీ నాటి మద్రాసు రికార్డులైనా, మన్యం కలెక్టర్ల ఉత్తరాలైనా చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో చూడాల్సిందే. ఢిల్లీ ఫైల్లో మద్రాసు జి.ఓ. (ప్రభుత్వ ఉత్తర్వు) ప్రస్తావన కనిపిస్తే నంబరు, తేదీ, శాఖ మూడూ రాసిపెట్టుకోండి. చెన్నైలో కాగితం తెప్పించుకోవడానికి కావలసినవి అవే.