అడిగితేనే తెరుచుకునే తలుపులు: ఒక విశ్వవిద్యాలయంలో వికలాంగ విద్యార్థుల వసతులపై సమీక్ష

హైదరాబాదు శివార్లలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో ఎం.ఏ. పూర్తి చేసి ఈ మధ్యనే బయటికి వచ్చాను. కండరాల బలహీనత వల్ల చిన్నప్పటినుంచీ చక్రాల కుర్చీ వాడుతున్నాను. వచ్చే ఏడాది ప్రవేశాలకు సిద్ధమవుతున్న వికలాంగ విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు పనికి వస్తుందని అక్కడి వసతుల గురించి వివరంగా రాస్తున్నాను. విశ్వవిద్యాలయం తన సమాచార పత్రంలో చెప్పుకున్నవేవీ అబద్ధాలు కావు. ర్యాంపులు ఉన్నాయి, లిఫ్టులు ఉన్నాయి, ప్రత్యేక మరుగుదొడ్లు ఉన్నాయి, బ్యాటరీ బండి ఉంది, గ్రంథాలయంలో అంధ విద్యార్థుల కోసం కంప్యూటర్లు కూడా ఉన్నాయి. అయితే వీటిలో చాలావాటిని వాడుకోవాలంటే ముందుగా ఎవరినో ఒకరిని అడగాలి, ఆ మనిషి ఆ వేళకు అక్కడ ఉండాలి, ఆయనకు తీరిక దొరకాలి. అందుకే అన్నింటినీ ఒకే కొలతతో చూశాను: తోటి విద్యార్థులు ఎవరినీ అడగకుండా చేసుకునే పనిని నేను కూడా అలాగే చేసుకోగలిగానా, లేదా?

ప్రవేశాల దగ్గర నాకు ఏ ఫిర్యాదూ లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 32వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలు, ప్రభుత్వ సహాయం పొందే సంస్థలు 40 శాతం, అంతకు మించిన వైకల్యం ఉన్నవారికి కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలి. గరిష్ఠ వయసులో ఐదేళ్ల సడలింపు ఇవ్వాలి. ఇక్కడ ఆ రెండూ సక్రమంగానే అమలవుతున్నాయి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం పత్రం, వికలాంగుల గుర్తింపు కార్డైన యూడీఐడీ చూపించాక ఎవరూ అదనపు ప్రశ్నలు వేయలేదు. పత్రాల పరిశీలనకు వికలాంగులను వరుసలో నిలబెట్టకుండా నేరుగా లోపలికి పిలిచారు.

అసలు కష్టం తరగతులు మొదలైన రోజు నుంచి తెలుస్తుంది. మా విభాగం భవనం ముందు మూడు మెట్లు ఉన్నాయి. ఒక్కో మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు అనుకుంటే మొత్తం 45 సెంటీమీటర్లు ఎక్కాలి. కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం ర్యాంపు వాలు 1:12కు మించకూడదు. అంటే ఒక సెంటీమీటరు ఎత్తుకు 12 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. ఆ లెక్కన ఈ మూడు మెట్లకు 5 మీటర్ల 40 సెంటీమీటర్ల ర్యాంపు కావాలి. అక్కడ ఉన్నదాని పొడవు అందులో సగం కూడా ఉండదు. మెట్లలో ఒక పక్కన సిమెంటు పోసి, పైన నున్నటి గ్రానైటు పలకలు పరిచి, దాన్నే ర్యాంపు అన్నారు. ఆ వాలు మీద కుర్చీని నా చేతులతో తోసుకుంటే ముందు చక్రాలు నేల విడిచి పైకి లేస్తాయి, కుర్చీ వెనక్కి ఒరుగుతుంది. వెనక ఎవరో ఒకరు పట్టుకోవలసిందే. దిగేటప్పుడు వీపు ముందుకు పెట్టి దిగాలి. వాన పడితే గ్రానైటు మీద, తోసే మనిషి చెప్పులే జారుతాయి. పొడవు పెంచడానికి స్థలం లేదా అంటే, ర్యాంపు ముగిసే చోటనే అధ్యాపకుల మోటారు సైకిళ్లు నిలిపే షెడ్డు ఉంది.

అదే ప్రాంగణంలో గ్రంథాలయం ముందున్న ర్యాంపు చూస్తే, పని తెలిసినవారు కట్టారని వెంటనే అర్థమవుతుంది. వాలు సరిగ్గా ఉంది, మలుపు దగ్గర ఆగి ఊపిరి తీసుకోవడానికి చదునైన చోటు ఉంది, నేల గరుకుగా ఉంది, పట్టుకోవడానికి రెండు ఎత్తుల్లో కమ్ములున్నాయి. దాన్ని నేను ఒంటరిగా ఎక్కాను, ఒంటరిగా దిగాను. కాబట్టి సరైన ర్యాంపు ఎలా ఉండాలో ఆ విశ్వవిద్యాలయానికి తెలియదని అనలేను.

మరుగుదొడ్డి విషయం కొంచెం విపులంగానే చెప్పాలి. మా భవనం కింది అంతస్తులో వికలాంగుల కోసం కట్టిన మరుగుదొడ్డి నిజంగా బాగుంది. తలుపు వెడల్పుగా ఉంది, లోపల కుర్చీ పూర్తిగా తిరుగుతుంది, కమోడ్‌కు రెండు వైపులా పట్టుకునే కమ్ములున్నాయి, చేతులు కడుక్కునే బేసిన్ కింద మోకాళ్లకు చోటు వదిలారు. కానీ ఆ తలుపుకు ఎప్పుడూ తాళమే. తాళంచెవి కార్యాలయంలోని సెక్షన్ ఆఫీసరు సొరుగులో ఉండేది. మొదటి వారంలో నేను అడిగినప్పుడు అటెండరు, “తెరిచి పెడితే అందరూ వాడి పాడు చేస్తారమ్మా, మీ కోసమే తాళం వేశాం. సార్ భోజనానికి వెళ్లారు, రెండింటికి వస్తారు” అన్నాడు. అతను మర్యాదగానే చెప్పాడు. నన్ను ఇబ్బంది పెట్టాలన్న ఉద్దేశం అతనికి లేదు. అయినా దాని ఫలితంగా నేను ఉదయం పూట మంచినీళ్లు తాగడం మానుకున్నాను. నెలసరి రోజుల్లో తరగతులకు వెళ్లలేదు. ఆఫీసు గదిలో మగ ఉద్యోగుల మధ్య రోజుకు మూడుసార్లు ఆ తాళంచెవి అడగడం ఒక ఆడపిల్లకు ఎంత కష్టమో ఆ ఏర్పాటు చేసినవారు ఆలోచించలేదు. ఒకసారి తలుపు తీసేసరికి లోపల చీపుళ్లు, బకెట్లు, పాత జవాబు పత్రాల కట్టలు కనిపించాయి. రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాక సామాను తీసేసి, నాకు ఒక నకలు తాళంచెవి ఇచ్చారు. నా అవసరం తీరింది. చదువు పూర్తయ్యాక దాన్ని తిరిగి ఇచ్చేయమన్నారు. కాబట్టి తర్వాత వచ్చే అమ్మాయి మళ్లీ ఆ సొరుగు దగ్గర నుంచే మొదలుపెట్టాలి.

బ్యాటరీ బండి ఊతకర్రలతో నడిచేవారికి బాగానే ఉపయోగపడుతుంది. డ్రైవరుకు ఫోను చేస్తే వస్తాడు, మంచి మనిషి. కానీ బండిలోకి కుర్చీ ఎక్కే పలక లేదు. నన్ను ఎత్తి కూర్చోబెట్టి, కుర్చీని మడిచి వెనక కట్టాలి. సెలవు రోజుల్లో బండి తిరగదు, హాస్టల్లో ఉన్నవారికి మాత్రం సెలవు రోజున కూడా మెస్సుకు, గ్రంథాలయానికి వెళ్లే పని ఉంటుంది. లిఫ్టుల్లో బ్రెయిలీ అక్షరాలు, అంతస్తు పేరు చెప్పే గొంతు ఉన్నాయి. కానీ సాయంత్రం ఐదు దాటాక లిఫ్టులనే ఆపేస్తారు.

ప్రధాన ద్వారం నుంచి పరిపాలన భవనం దాకా పరిచిన పసుపు పలకల గురించి ఒక మాట. పొడవాటి గీతలున్న పలక ఇటు సాగమని, గుండ్రటి చుక్కలున్న పలక ఆగి చూసుకోమని అంధుల పాదానికి, చేతికర్రకు చెప్పాలి. ఇక్కడ దారి పొడవునా చుక్కల పలకలే వేశారు. అడుగడుగునా ఆగమని చెప్పే దారిని నమ్మి ఎవరు నడుస్తారు? తెలుగు ఎం.ఏ. చదివిన నా స్నేహితురాలికి చూపు లేదు. ఆమె ఆ పలకలను వదిలేసి రోడ్డు అంచు పట్టుకుని నడిచేది.

ఆ స్నేహితురాలి వల్లనే గ్రంథాలయం విలువ నాకు పూర్తిగా తెలిసింది. ఈ ప్రాంగణంలో మనసారా మెచ్చుకోదగినది అదే. అంధ విద్యార్థుల గదిలో కంప్యూటర్లన్నింటిలోనూ ఎన్వీడీఏ ఉంది. తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగును కూడా చదువుతుంది. స్కానర్లు ఉన్నాయి, చూపు లేనివారు చదువుకోగల రూపంలో పుస్తకాలు దొరికే ఆన్‌లైన్ గ్రంథాలయం సుగమ్య పుస్తకాలయలో సభ్యత్వం ఇప్పిస్తారు, గ్రంథాలయం తెరిచి ఉన్నంతసేపూ ఆ గది కూడా తెరిచే ఉంటుంది. ఎవరి సంతకమూ అక్కర్లేదు. తెలుగు పుస్తకాలతో వచ్చే చిక్కు వేరు. డీటీపీ కాలం నుంచి మన ప్రచురణ సంస్థలు చాలావరకు అను వంటి పాత ఫాంట్లలోనే పుస్తకాలు కూర్చాయి. కంటికి అవి తెలుగు అక్షరాలే. కంప్యూటరు లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కలగలుపు. అలాంటి పీడీఎఫ్‌ను ఎన్వీడీఏకి ఇస్తే అర్థంలేని శబ్దాలు వినిపిస్తాయి. అందుకని ఇక్కడి సిబ్బంది పుస్తకం పుటలను బొమ్మలుగా స్కాన్ చేసి, వాటిలోని అక్షరాలను సాఫ్ట్‌వేర్‌తో గుర్తింపజేసి, కంప్యూటరు తెలుగుగానే గుర్తించే యూనికోడ్‌లోకి తెచ్చి, ఆ తర్వాత విద్యార్థి వాలంటీర్లతో తప్పులు దిద్దిస్తారు. వత్తుల దగ్గర సాఫ్ట్‌వేర్ తరచుగా తడబడుతుంది. వచనంలో ఒక అక్షరం పోయినా ఊహించుకోవచ్చు గాని, పద్యంలో పోతే గణం, అర్థం రెండూ పోతాయి. ప్రబంధాల పాఠ్యభాగాన్ని దిద్దడానికి నేను కూడా కూర్చున్నాను. 2012లో కాపీరైటు చట్టానికి చేసిన సవరణ వల్ల వికలాంగుల కోసం ఇలా రూపం మార్చుకోవడానికి అనుమతి ఉంది. సిబ్బంది ఆ సంగతి తెలుసుకుని, ఎవరూ ఆదేశించకుండానే ఈ పని మొదలుపెట్టారు. వారికి నా నమస్కారాలు.

పరీక్షల విభాగం సగం మంచిది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి. మూడు గంటల పరీక్షకు మాకు పూర్తి గంట అదనంగా ఇచ్చారు, కింది అంతస్తులో గది ఇచ్చారు, ఎవరూ విసుక్కోలేదు. కానీ జవాబులు రాసిపెట్టే స్క్రైబును విద్యార్థే వెతుక్కోవాలి, పైగా ప్రతి సెమిస్టరుకూ కొత్తగా దరఖాస్తు పెట్టి, అవే ధ్రువపత్రాల నకళ్లు మళ్లీ జతచేయాలి. శాశ్వత వైకల్యం అని ధ్రువపత్రంలోనే రాసి ఉన్నప్పుడు, ప్రవేశం నాటి దరఖాస్తు ఒక్కటే మొత్తం కోర్సుకు ఎందుకు చెల్లకూడదో నాకు అర్థం కాలేదు.

హాస్టల్లో కింది అంతస్తు గది ఇచ్చారు. స్నానాల గదికి మాత్రం నీళ్లు బయటికి రాకుండా ఎత్తయిన గడప కట్టారు. చెక్కతో చిన్న వాలు మేమే చేయించుకున్నాం. మెస్సుకు రెండు మెట్లున్నాయి, ర్యాంపు లేదు, వడ్డించే బల్ల నా తల ఎత్తున ఉంటుంది. చదివినన్నాళ్లూ నా పళ్లెం నేను తెచ్చుకోలేకపోయాను. స్నేహితులు ప్రేమగానే తెచ్చిపెట్టేవారు. అయినా వాళ్లు తింటుండగా మళ్లీ కొంచెం సాంబారు కావాలని లేపడానికి మనసొప్పక, పెట్టింది తిని ఊరుకునేదాన్ని.

ఇవన్నీ దయతో చేయవలసిన పనులు కావు, గడువు దాటిపోయిన బాధ్యతలు. వికలాంగుల హక్కుల చట్టంలోని 45వ సెక్షన్ ప్రకారం, అప్పటికే ఉన్న ప్రభుత్వ భవనాలను నియమాలు వచ్చిన ఐదేళ్లలోగా అందరికీ అందుబాటులోకి తేవాలి. నియమాలు 2017 జూన్‌లో వచ్చాయి. 2022 జూన్‌తో ఆ ఐదేళ్లు నిండాయి. అదే ఏడాది విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) ఉన్నత విద్యాసంస్థల కోసం ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. 2024 నవంబరు 8న రాజీవ్ రాటూరీ కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలను కేవలం సలహాలుగా వదిలేస్తే చాలదని, తప్పనిసరిగా పాటించవలసిన నియమాలు రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టు ముందున్న నివేదిక మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన వికలాంగ అధ్యయన కేంద్రం తయారు చేసినదే. ఫిర్యాదుల సంగతికి వస్తే, ప్రతి ప్రభుత్వ సంస్థలోనూ ఒక అధికారి ఉండాలని, నమోదైన ఫిర్యాదుపై రెండు వారాల్లోగా విచారణ జరపాలని వికలాంగుల హక్కుల చట్టంలోని 23వ సెక్షన్ చెబుతోంది. మరుగుదొడ్డి తాళం అలా రాస్తేనే కదిలింది. ర్యాంపు గురించి రాస్తే, అంచనాలను ఇంజనీరింగు విభాగానికి పంపామని జవాబు వచ్చింది. నేను వచ్చేసేనాటికి పని మొదలుకాలేదు.

ఇంతా చెప్పాక, చేరమంటావా అని అడిగితే, చూపు లేని విద్యార్థులను నిస్సంకోచంగా చేరమంటాను. ఆ గ్రంథాలయం చాలా చోట్ల దొరకదు. చక్రాల కుర్చీ వాడేవారు మాత్రం ఫీజు కట్టే ముందు ఒక పనిదినాన, మధ్యాహ్న భోజన సమయంలో, తమ కుర్చీతోనే వెళ్లి చూడాలి. విభాగం ర్యాంపును తోడు లేకుండా ఎక్కి చూడండి, మరుగుదొడ్డి తలుపు నెట్టి చూడండి, హాస్టల్ స్నానాల గది గడప చూడండి. తరగతులన్నీ కింది అంతస్తులోనే పెట్టమని విభాగాధిపతికి రాతపూర్వకంగా అడగండి. మా విభాగాధిపతి ఆ కోరికను వెంటనే మన్నించి, లిఫ్టు ఆపేసే సాయంత్రపు తరగతులతో సహా అన్నింటినీ కిందికి మార్పించారు. అయితే ఆ ఉత్తరం టైంటేబుల్ ఖరారయ్యే ముందే చేరాలి. ఒకసారి గదుల కేటాయింపు అయిపోతే సెమిస్టరు మధ్యలో మార్చడం ఆయన చేతిలో కూడా ఉండదు.