శ్రీనగర్ నమ్దా: ఉన్ని ధర తీసుకుని దూది అంటగట్టారు

శ్రీనగర్‌లో నమ్దా (ఉన్నిని నేయకుండా తడిపి, ఒత్తి, రుద్ది అతికించి చేసే ఫెల్ట్ తివాచీ) కొనాలనుకుంటే, ధర కన్నా ముందు "ఇందులో ఉన్ని ఎంత, దూది ఎంత?" అని అడగండి. దాల్ సరస్సు దగ్గర ఒక కొట్లో మా అక్క 4×6 అడుగుల నమ్దా 5,800 రూపాయలు పెట్టి కొంది. "ప్యూర్ ఊల్ మేడమ్, గ్యారంటీ" అన్నాడు కొట్టువాడు. మర్నాడు పాత నగరంలో నమ్దాలు చేసే ఉస్తాద్ దాని అంచు రెండు వేళ్లతో నలిపి, సగం దూదే అని తేల్చేశారు. కొట్టుకి తిరిగి వెళ్తే డబ్బు వెనక్కి ఇవ్వనన్నాడు. బిల్లు మీద 'నమ్దా, 1' అని తప్ప ఉన్ని అన్న మాటే లేదు. ఆ పూటంతా అక్క ఎవరితోనూ మాట్లాడలేదు.

దూది కలపడమే మోసం అనడం లేదు. 80 పాళ్లు ఉన్నికి 20 పాళ్లు దూది కలిపిన నమ్దాలు, సగం సగం నమ్దాలు అక్కడ మామూలే, ధరా దాన్ని బట్టే ఉండాలి. సగం దూది ఉన్నదానికి పూర్తి ఉన్ని ధర గుంజడమే అన్యాయం.

తేడా ఎందుకంత ముఖ్యమో పని తీరు చూస్తే అర్థమవుతుంది. మన గొంగడికి ఉన్ని వడికి మగ్గం మీద నేస్తారు. నమ్దాకి దారమూ లేదు, మగ్గమూ లేదు. ఉన్ని పోగు మీద కంటికి కనిపించని పొలుసులు ఉంటాయి. వేడికి, సబ్బు నీళ్లలోని క్షారానికి అవి విచ్చుకుంటాయి. ఒత్తిడి, రాపిడి తగిలేకొద్దీ పోగులు ఒకదాంట్లోకి ఒకటి పాకి చిక్కుకుంటాయి, మళ్లీ విడిరావు. దూదికి ఆ పొలుసులే లేవు, ఉన్ని పట్టుకుంటేనే నిలుస్తుంది. అయిదో వంతు వరకు ఉన్ని మోయగలదు. సగం దాటితే నడిచిన చోటల్లా పైకి నూగు లేస్తుంది, తడిస్తే పొరలు విడిపోతాయి.

కొట్లోనే చేసుకోగల పరీక్షలు ఉన్నాయి. అంచు దగ్గర పై పొరని గోటితో పట్టి లాగండి. గట్టిగా కుదిరిన ఫెల్ట్ అయితే మొత్తం మందం కదులుతుంది. పై పొర ఒక్కటే లేచి వస్తే సరిగా కుదరలేదన్నట్టే. వెనక వైపు నుంచి చిన్న పీచు అడిగి తీసుకుని అగ్గిపుల్లతో కాల్చండి. ఉన్ని అయితే జుట్టు కాలిన వాసన వేసి, మంట తీయగానే ఆరిపోతుంది, మిగిలిన నల్ల ఉండ నలిపితే పొడి అవుతుంది. దూది కాగితంలా మండి మెత్తటి బూడిదవుతుంది. పైన కుట్టిన ఆరీ పని (కొక్కెం సూదితో వేసే ఎంబ్రాయిడరీ) దారం కూడా కాల్చి చూడండి. కరిగి గట్టి పూసలా మారిందంటే అది యాక్రిలిక్ లాంటి సింథటిక్ దారం. మిశ్రమంలో రెండు వాసనలూ కలిసి వస్తాయి కాబట్టి అనుమానం మిగిలితే క్లోరిన్ ఉన్న బట్టల బ్లీచ్ తెచ్చుకుని గాజు గ్లాసులో పీచుని రాత్రంతా నాననివ్వండి. ఉన్ని కరిగిపోతుంది, దూది మిగులుతుంది. అక్క నమ్దా పీచు వేస్తే పొద్దున గ్లాసు అడుగున తెల్లగా మిగిలిందంతా దూదే.

పరీక్ష చేస్తానంటే మొహం చిట్లించే కొట్లో కొనకండి. ఒప్పుకున్న చోట '100% ఉన్ని' అని బిల్లు మీద రాయించుకోండి.

ఇక నేర్పే చోట్లు. ఒక గెస్ట్‌హౌస్‌లో రెండు గంటల 'ఫెల్టింగ్ వర్క్‌షాప్'కి మనిషికి 900 తీసుకున్నారు. దండగ. ఉన్ని అంతా ఒకే దిక్కుకి పరిపించారు. అలా చేస్తే ఒక వైపు లాగితే గట్టిగా, రెండో వైపు లాగితే పుటుక్కున చినిగేలా వస్తుంది. నీళ్లు చల్లగా ఉన్నాయి. గిన్నెలు తోమే లిక్విడ్ ఎంత పోశారంటే నురగ మీద చేతులు జారిపోయాయే కానీ పోగులకి రాపిడి తగల్లేదు. చివరికి మధ్యలో చిల్లులు పడ్డ గుడ్డ ఒకటి చేతికిచ్చారు. బావ "ఇక టీ తాగి పోదాం" అని లేచారు.

పాత నగరంలోని కార్ఖానాలో రోజంతటికి, సరుకుతో కలిపి, మనిషికి 1,500. ప్రతి రూపాయికీ న్యాయం జరిగింది. 2×3 అడుగుల నమ్దాకి 600 గ్రాముల ఏకిన ఉన్ని తూచి ఇచ్చారు. ఫెల్ట్ కుదిరేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి అడుగు రావాల్సిన చోట పదహారు అంగుళాలు పరిపించారు. కింద రెల్లు చాప. మొదటి పొర నిలువుగా, రెండోది అడ్డంగా, మళ్లీ నిలువుగా. ప్రతి పొరా వేశాక అరచేతితో తడిమి, పల్చగా తగిలిన చోట ఉన్ని అతికించాలి. ఇక్కడ వదిలేసిన పల్చన తర్వాత ఎంత తొక్కినా పూడదు. విల్లో పుల్లలతో అల్లిన పింజ్రాతో గాలంతా పోయేలా అదిమి, చెయ్యి పట్టగలిగినంత వేడి సబ్బు నీళ్లు చిలకరించాలి. పొర అడుగు దాకా తడవాలి కానీ నీళ్లు నిలవకూడదు.

తర్వాత చాపతో సహా బిగించి చుట్టి, తాడు కట్టి, పాదంతో ముందుకీ వెనక్కీ దొర్లించాలి. మొదట్లో తొందరపడి గట్టిగా తొక్కితే పొరలు జరిగి ముడతలు అక్కడే కుదిరిపోతాయి. పావుగంటకోసారి విప్పి, ముడతలు సర్ది, అంచులు లోపలికి మడిచి, చుట్టే దిక్కు మార్చాలి. దొర్లించిన దిక్కునే ఎక్కువ కుంచించుకుంటుంది కనుక దిక్కు మార్చకపోతే చతురస్రం దీర్ఘచతురస్రం అవుతుంది. గోటితో గిల్లితే పోగులు విడిగా లేవకుండా ఉన్నప్పుడు చాప తీసేసి ముంజేతులతో గట్టిగా దొర్లించాలి. అక్కడే అసలు బిగువు వస్తుంది. చివర సబ్బు పోయేదాకా కడగాలి. సబ్బు మిగిలితే ఉన్ని పెళుసవుతుంది. ఆఖరి నీళ్లలో కాస్త వెనిగర్ కలిపితే మంచిది. అక్క మొహంలో నవ్వు మళ్లీ కనిపించింది ఇక్కడే.

గుల్మర్గ్, పహల్గాం బాగున్నాయి, అందరూ రాసేవే. హౌస్‌బోట్ రాత్రికి 3,800, శుభ్రంగా ఉంది. కానీ హౌస్‌బోట్ వాళ్లు చూపించే కొట్లకి వెళ్లకండి. రెసిడెన్సీ రోడ్డులోని ప్రభుత్వ ఆర్ట్స్ ఎంపోరియంలో ముందు ధరలు చూసుకుని ఆ తర్వాతే బయట బేరమాడండి. నమ్దా చేయడం చూడాలంటే మే నుంచి సెప్టెంబరు మధ్య వెళ్లండి, ఎండ లేకపోతే తడి నమ్దా ఆరదు.

తెచ్చేటప్పుడు మడవకుండా చుట్టండి, మడత గీత త్వరగా పోదు. 4×6 ఉన్ని నమ్దా రెండు కిలోలకి పైనే తూగుతుంది, విమానంలో 15 కిలోల లగేజీలో దానికి ముందే చోటు ఉంచుకోండి. ఇంట్లో వాషింగ్ మెషీన్లో వేయొద్దు, ఇంకా కుంచించుకుపోతుంది. నెలకోసారి రెండు వైపులా ఎండ తగలనిచ్చి దులపండి, లేకపోతే పురుగు పడుతుంది.