వింత ఆధారాల్లో పూర్ణాంకాలు: ఓఈఐఎస్ ఎంతవరకు తోడ్పడుతుంది?

సంఖ్యను రాసే ఆధారం (బేస్), అంటే స్థాన విలువలు ఏ సంఖ్యతో గుణించుకుంటూ పోతాయో అది, 2 గానీ 16 గానీ అయితే సైంటిఫిక్ కాలిక్యులేటర్ సరిపోతుంది. ఆధారం మైనస్ 2 అయినప్పుడు, లేదా స్థాన విలువలు 1, 2, 6, 24 అంటూ క్రమగుణితాలుగా (1 నుంచి వరుస సంఖ్యల లబ్ధాలుగా) పెరిగినప్పుడు, సంఖ్య రూపాన్నీ దాని ధర్మాలనూ ఒకేచోట చూడాలనుకునేవారికి నేను మొట్టమొదట సిఫార్సు చేసేది ఓఈఐఎస్ అనే పూర్ణసంఖ్యా అనుక్రమాల (సంఖ్యల వరుసల) విజ్ఞాన సర్వస్వాన్ని. నీల్ స్లోన్ 1964లో పరిశోధక విద్యార్థిగా మొదలుపెట్టిన ఈ సేకరణ 1973లో పుస్తకంగా వెలువడి, 1996లో ఇంటర్నెట్‌లోకి వచ్చింది. వాడకం పూర్తిగా ఉచితం.

వెతకడం చాలా తేలిక. 1, 110, 111, 100, 101 అని కామాలతో టైపు చేస్తే ఫలితాల్లో ఏ039724 అనే క్రమసంఖ్యగల అనుక్రమం పేజీ కనిపిస్తుంది. ఇది 0 నుంచి వరుసగా వచ్చే సంఖ్యలను ఆధారం మైనస్ 2లో రాసిన జాబితా; ఇక్కడ స్థాన విలువలు కుడి నుంచి 1, మైనస్ 2, 4, మైనస్ 8 అంటూ సాగుతాయి. అందులో 1 నుంచి అంకెల పొడవును గమనించండి: మొదట ఒకటి, తర్వాత నాలుగుసార్లు మూడు, ఆపైన ఐదు. ధన సంఖ్యలకు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే అంకెలు వస్తాయి, ఎందుకంటే అన్నిటికన్నా ఎడమనున్న స్థానం విలువే మొత్తం సంఖ్య గుర్తును నిర్ణయిస్తుంది. 256 నుంచి 128, 32 తీసివేసి 4 కలిపితే 100 వస్తుంది కాబట్టి దాని రూపం 110100100, అంటే తొమ్మిది అంకెలు. రుణ సంఖ్యలను సైతం మైనస్ గుర్తు లేకుండా రాయగలగడం ఈ పద్ధతిలోని అసలు అందం. మైనస్ 1 ఇక్కడ 11 అవుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేజీ ఏ014417. ప్రతి సంఖ్యనూ పక్కపక్కన లేని ఫిబొనాచీ సంఖ్యల (1, 2, 3, 5, 8 అంటూ ముందున్న రెండింటిని కూడితే వచ్చేవాటి) మొత్తంగా రాసే జెకెన్‌డార్ఫ్ పద్ధతి అందులో ఉంది: 100 అంటే 89, 8, 3 కనుక రూపం 1000010100, ఎక్కడా రెండు ఒకట్లు పక్కపక్కన రావు. ఒక మాత్ర లఘువును, రెండు మాత్రల గురువును కలిపి నాలుగు మాత్రలను ఐదు విధాలుగా, ఐదు మాత్రలను ఎనిమిది విధాలుగా కూర్చవచ్చని ఛందస్సు చదివినవారికి తెలుసు. ప్రాచీన ఛందశ్శాస్త్రవేత్తలు విరహాంకుడు, హేమచంద్రుడు లెక్కించిన ఆ వరుసే ఈ స్థాన విలువలు.

సూత్రాలు, ప్రోగ్రాములు, సంబంధిత అనుక్రమాల సంఖ్యలు ప్రతి పేజీలో వరుసగా ఉంటాయి. ఆధారాన్ని బట్టి మారే అనుక్రమాలకు 'బేస్' అనే ముద్ర వేయడం నాకు చాలా నచ్చింది, ఎందుకంటే సంఖ్య సహజ ధర్మమేదో, రాసే పద్ధతి వల్ల వచ్చినదేదో దానితో వెంటనే తేలిపోతుంది.

ఇక లోపం. అంకెలను అతికించి మామూలు దశాంశ సంఖ్యలాగా ముద్రించడం వల్ల కొత్తవారు 110100100ను పదకొండు కోట్లుగా చదివే ప్రమాదం ఉంది. క్రమగుణిత ఆధారంలో చిక్కు ఇంకా పెద్దది. అక్కడ 100 రూపం 4020 అని స్పష్టంగానే ఉంటుంది, కానీ 3,62,88,000 దగ్గర ఒకే స్థానంలో 10 అనే అంకె వస్తుంది కాబట్టి ఏ007623లోని రాత అక్కడి నుంచి రెండు అర్థాలకు తావిస్తుంది. పెద్ద సంఖ్యలతో పనిచేసేవారు దాని బదులు అంకెలను విడివిడిగా వరుసల్లో ఇచ్చిన ఏ108731ను వాడుకోవాలి.